గైల్ ఫ్లాష్ కిక్: ట్రైనింగ్‌లో వస్తుంది, మ్యాచ్‌లో రావట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

విజయనగరం_ప్యాడ్

అందరికీ నమస్తే. స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేమ్‌ని మొదటి నుంచీ కెన్ అనే పాత్రతో ఆడుతున్నాను, ఈ మధ్యే గైల్ అనే పాత్రకి మారాను. క్లాసిక్ కంట్రోల్స్, మామూలు ప్యాడ్. సోనిక్ బూమ్ (గైల్ దూరం నుంచి విసిరే దెబ్బ) వరకు ఇబ్బంది లేదు, చేయి అలవాటు పడిపోయింది. నా గొడవంతా పైకి లేస్తూ తన్నే ఫ్లాష్ కిక్‌తోనే. కింద బటన్ నొక్కి పట్టుకుని, పైకి నొక్కుతూ కిక్ కొట్టాలి, అంతేగా అనుకున్నా. ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుని కొడితే వరసగా వస్తుంది. ఆన్‌లైన్‌లో ర్యాంక్డ్ మ్యాచ్‌కి వెళ్లగానే, అవతలివాడు నా మీదకి దూకినప్పుడు, వాడితో పాటు మా గైల్ కూడా గాల్లోకి ఎగురుతాడు. కిక్ రాదు, జంప్ వస్తుంది. పైన వాడి కాలు నా మొహం మీద పడుతుంది, అక్కడి నుంచి కాంబో, సగం ప్రాణం పోతుంది.

రెండోది, సోనిక్ బూమ్ వేశాక వాడు దాని మీద నుంచి దూకితే ఫ్లాష్ కిక్‌తో కొట్టాలని అందరూ చెప్తారు, అదే గైల్ ఆట అంటారు. కానీ బూమ్ వేసిన వెంటనే నా దగ్గర చార్జ్ (బటన్ పట్టుకుని ఉంచితే నిండే బలం) ఉండదు కదా? మరి ఎలా కొడుతున్నారు వీళ్లంతా? వీడియోల్లో చూస్తే బూమ్, వెంటనే ఫ్లాష్ కిక్, మళ్లీ బూమ్, ఆగకుండా వస్తుంటాయి.

ఇంకో సంగతి. పాత పార్లర్ గేముల్లో గైల్ ఇంతకంటే చాలా బలంగా ఉండేవాడని, గాల్లో కూడా దెబ్బలు వేసేవాడని మా బావ అంటాడు. నిజమేనా? కెన్ పైకి ఎగురుతూ గుద్దే ష్యోర్యూకెన్‌కి ఇలా ముందే కూర్చుని పట్టుకోవాల్సిన పని లేదు, అనుకున్నప్పుడు కొట్టొచ్చు. గైల్‌కి మాత్రం ఈ చార్జ్ పద్ధతి ఎందుకు పెట్టారో కూడా తెలిస్తే చెప్పండి. గైల్‌ని వదిలేసే ఉద్దేశం అయితే లేదు, ఆ కిక్ ఒక్కసారి సరిగ్గా తగిలినప్పుడు వచ్చే ఆనందం వేరే ఎవరితోనూ రాలేదు నాకు.

డౌన్‌బ్యాక్_శీను

బ్రో, రెండు సమస్యలూ వేరు వేరు, కలిపి చూస్తే ఏదీ తేలదు.

మొదటిది, జంప్ రావడం. ఫ్లాష్ కిక్ బదులు జంప్ వచ్చిందంటే రెండు కారణాలే ఉంటాయి. చార్జ్ నిండలేదు, లేదా పైకి నొక్కడానికీ కిక్‌కీ మధ్య ఎక్కువ గ్యాప్ వచ్చింది. ట్రైనింగ్‌లో నువ్వు తీరుబడిగా కూర్చుంటావు కాబట్టి చార్జ్ ఎప్పుడూ నిండే ఉంటుంది. మ్యాచ్‌లో మాత్రం కాసేపు నడుస్తావు, కాసేపు బ్లాక్ చేస్తావు, నీకు తెలియకుండానే కింద బటన్ వదిలేస్తావు. బ్యాక్ మాత్రమే పట్టుకుని వెనక్కి నడుస్తుంటే సోనిక్ బూమ్‌కి చార్జ్ వస్తుంది కానీ ఫ్లాష్ కిక్‌కి రాదు. దానికి కింద పట్టుకునే ఉండాలి. డౌన్-బ్యాక్ అంటే కింద, వెనక రెండూ కలిపిన మూల. అక్కడ చేయి పెడితే రెండు దెబ్బలకూ ఒకేసారి చార్జ్ నిండుతుంది. గైల్ ఎప్పుడూ ముడుచుకుని కూర్చుని కనపడేది అందుకే.

ఎంతసేపు పట్టుకోవాలంటే సెకను కూడా పూర్తిగా పట్టదు. ఈ గేమ్ సెకనుకి 60 ఫ్రేమ్‌లతో నడుస్తుంది కాబట్టి ఆ కొంచెం సమయం కూడా ఫైట్ మధ్యలో చాలా పెద్దది. అవతలివాడు నేల మీద నుంచి లేచి నీ మీద పడేదాకా పట్టే టైమ్‌లో చార్జ్ నిండిపోవాలంటే, వాడు దూకాక కూర్చోవడం మొదలుపెడితే కుదరదు. దూకకముందే నువ్వు కూర్చుని ఉండాలి. కెన్ ఆటగాడు జంప్ చూసి కొడతాడు. గైల్ ఆటగాడు జంప్ వస్తుందని ముందే అనుకుని కూర్చుంటాడు, చూసేది ఎప్పుడు వదలాలి అన్నది మాత్రమే. కెన్ నుంచి వచ్చినవాళ్లకి ఇదే కష్టం, చేతి సంగతి తర్వాత.

ఇక వేలి సంగతి. ప్యాడ్ మీద డౌన్-బ్యాక్ నుంచి నిటారుగా పైకి వెళ్లాలని చాలామంది బొటనవేలిని ఎత్తి మళ్లీ పెడతారు, ఆ ఎత్తడంలోనే టైమ్ పోతుంది. పైకి అంటే నిటారు పైనే కానక్కర్లేదు, పై మూలలు కూడా చెల్లుతాయి. డౌన్-బ్యాక్ నుంచి అప్-బ్యాక్‌కి వేలిని అలాగే దొర్లించు, ఎత్తొద్దు. దీంట్లో ఇంకో లాభం ఉంది, ఒకవేళ కిక్ రాకపోయినా నువ్వు వెనక్కి దూకుతావు, వాడి మీదకి దూకవు. కిక్ బటన్ పైకి వెళ్లేటప్పటికి పడాలి, లేదా వెంట్రుకవాసి తర్వాత. ముందు పడితే కూర్చుని కొట్టే మామూలు కిక్ వస్తుంది, బాగా ఆలస్యమైతే జంప్ కిక్ వస్తుంది. ట్రైనింగ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (నువ్వు నొక్కిన బటన్లు తెర మీద చూపించేది) ఆన్ చేసి పెట్టుకో, ఏ తప్పు పడుతోందో అక్కడే కనపడుతుంది. ఊహించుకుని బాధపడక్కర్లేదు.

రెండోది, బూమ్ తర్వాత కిక్. నువ్వు వీడియోల్లో చూసిందాంట్లో మాయ లేదు. బూమ్ వేయడానికి ఫార్వర్డ్, పంచ్ నొక్కాలి, ఆ ఫార్వర్డ్ రెప్పపాటు మాత్రమే. వెంటనే డౌన్-బ్యాక్‌కి వచ్చేయాలి. గైల్ చేతులు ఇంకా గాల్లోనే ఉంటాయి, బొమ్మ ఇంకా బూమ్ విసిరే భంగిమలోనే ఉంటుంది, కానీ నీ చార్జ్ అప్పటికే మొదలైపోయి ఉంటుంది. గైల్ ఏ పనిలో ఉన్నా చార్జ్ లెక్క నడుస్తూనే ఉంటుంది. నువ్వు దెబ్బ తిని వంగిపోయినప్పుడు, నేల మీద పడి లేస్తున్నప్పుడు, త్రో (పట్టుకుని విసిరేయడం) చేస్తున్నప్పుడు, గాల్లో దూకినప్పుడు, అన్నిటిలోనూ డౌన్-బ్యాక్ పట్టుకోవచ్చు. జంప్ చేసి గాల్లో ఉండగానే కిందకి పట్టుకుంటే నేల మీద దిగేసరికి చార్జ్ దగ్గర పడుతుంది. దిగి రెండు లైట్ పంచ్‌లు కూర్చునే కొట్టి, అక్కడి నుంచి ఫ్లాష్ కిక్‌కి వెళ్లడం గైల్ ఆటగాళ్లకి చాలా పాత కాంబో.

బూమ్ వేయగానే ఉండే ఆ చిన్న ఖాళీ మాత్రం నిజమే. తెలిసినవాడు సరిగ్గా అక్కడే దూకుతాడు. అందుకే లైట్ పంచ్ బూమ్ వేయి, అది నెమ్మదిగా వెళ్తుంది. దగ్గర నుంచి వేయకు, దూరం ఉంచి వేయి. దూరం ఉంటే వాడు దూకి నీ దగ్గరకి వచ్చేసరికి నీ చార్జ్ నిండిపోతుంది. దగ్గరలో వేసిన బూమ్ మీద నుంచి వాడు దూకితే నీకు కిక్ లేదు, ఎవరికీ ఉండదు.

ప్రాక్టీస్ ఎలాగంటే, ట్రైనింగ్‌లో ఎదురుగా ఉండే డమ్మీ బొమ్మకి రకరకాల టైమింగ్‌లో జంప్‌లు రికార్డ్ చేసి, కొన్ని స్లాట్లలో అసలు దూకకుండా ఊరికే నడిచేలా పెట్టి, ర్యాండమ్‌గా ప్లే అయ్యేలా పెట్టుకో. ఎప్పుడు దూకుతాడో తెలియకుండా కొట్టడం నేర్చుకుంటే అదే మ్యాచ్‌లో పనికొస్తుంది. ఊరికే కొడుతూ కూర్చుంటే వేలికి అలవాటవుతుంది కానీ కంటికి అలవాటవదు.

బెజవాడ_పాతకాపు

శీను చెప్పింది అంతా కరెక్ట్. నేను పాత సంగతులు చెప్తా, అడిగారు కాబట్టి.

గైల్ మొదటిసారి వచ్చింది 1991లో, స్ట్రీట్ ఫైటర్ 2లో. క్యాప్‌కామ్ వాళ్ల ఆర్కేడ్ మెషిన్. ఆడుకోవడానికి ఎనిమిది మంది ఉండేవాళ్లు. వాళ్లలో ర్యూ, కెన్ లాంటివాళ్లకి జాయ్‌స్టిక్ తిప్పి కొట్టే దెబ్బలు. గైల్‌కి, బ్లాంకాకి, హోండాకి, చున్-లీకి పట్టుకుని వదిలే దెబ్బలు. అంటే సగం మందికి చార్జ్ పద్ధతే. ఎందుకు పెట్టారు అన్నదానికి నాకు అర్థమైంది చెప్తా. గైల్ దెబ్బలు రెండూ చాలా బలమైనవి. బూమ్ వేశాక చేతులు త్వరగా వెనక్కి వచ్చేస్తాయి, ర్యూ హడోకెన్ (చేతుల్లోంచి విసిరే దెబ్బ) వేసినంతసేపు ఇరుక్కుపోడు. ఫ్లాష్ కిక్ పైకి లేస్తూ ముందున్న గాలినంతా కోసేస్తుంది. ఈ రెండూ అనుకున్నప్పుడల్లా వస్తే అవతలివాడికి ఆట ఉండదు. కాబట్టి దానికి వెల పెట్టారు, ఆ వెల కదలకుండా ఉండటం. ముందుకు నడిచావా, నీ ఆయుధాలు రెండూ కింద పడేసినట్టే. అంత వెల పెట్టినా మొదటి ఎడిషన్‌లో గైల్ అందరికంటే పైన ఉండే ఒకరిద్దరిలో ఉండేవాడు.

మీ బావ చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన ఆడింది అసలు గేమ్ అయ్యుండదు. 92లో ఛాంపియన్ ఎడిషన్ వచ్చాక దాన్ని ఎవరో మార్చి దొంగ బోర్డులు అమ్మారు, రెయిన్‌బో ఎడిషన్ అని పేరు. దాంట్లో గాల్లో దూకుతూ బూమ్‌లు వేయొచ్చు, ఆట మధ్యలో ఒక ఆటగాడి నుంచి ఇంకో ఆటగాడికి మారిపోవచ్చు, హడోకెన్‌లు వంకరగా వెళ్తాయి. మా వైపు పార్లర్లలో అసలు బోర్డు ఏదో దొంగ బోర్డు ఏదో పార్లర్ నడిపేవాళ్లకే తెలిసేది కాదు. ముస్తఫా గేమ్ ఒక మూల, ఇది ఒక మూల. క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అన్న అసలు పేరు తెలియకుండానే ముస్తఫా అని పిలిచి పెరిగిన తరం మాది, ఎడిషన్ పేర్లు ఎవరు చూశారు. మీ బావ చూసిన గాల్లో దెబ్బలు ఆ రెయిన్‌బోవే అని నా నమ్మకం.

ఆ పాత మెషిన్‌లో గైల్ స్టేజ్ గుర్తుంటే చెప్పండి ఎవరైనా, వైమానిక స్థావరం, వెనకాల ఎఫ్-16 విమానం నిలబడి ఉంటుంది, చుట్టూ సైనికులు. గెలిచాక దువ్వెన తీసి తల దువ్వుకుంటాడు. ఆ స్టేజ్ మ్యూజిక్ చేసింది యోకో షిమోమురా. ఏ వీడియోకైనా ఆ పాట సరిపోతుందని ఇంటర్నెట్ అంతా దాన్ని వాడేసుకుంది, ఫైటింగ్ గేమ్ ముట్టుకోనివాళ్లకి కూడా ఆ ట్యూన్ తెలుసు. పాట అంత బాగుండటం వల్లే పిల్లలు గైల్‌ని ఎంచుకునేవాళ్లేమో అని నాకు అనిపిస్తుంది.

కథలో గైల్ అమెరికా వైమానిక దళం మనిషి. స్నేహితుడు చార్లీని చంపిన విలన్ బైసన్ మీద పగతో టోర్నమెంట్‌కి వస్తాడు. 95లో స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా వచ్చినప్పుడు ఆ చార్లీ స్వయంగా ఆటలోకి వచ్చాడు. అప్పటిదాకా పేరు మాత్రమే విన్న మనిషి. వాడి దగ్గర కూడా బూమ్, పైకి లేచే కిక్ ఉన్నాయి. గైల్ రెండు చేతులతో విసిరే బూమ్‌ని చార్లీ ఒంటి చేత్తో విసురుతాడు. ఇద్దరూ ఒకే చోట నేర్చుకున్నారని, చార్లీ ఒక మెట్టు పైన ఉన్నాడని ఆ ఒక్క బొమ్మతో చెప్పేశారు. ఫైటింగ్ గేమ్‌లో కథ చెప్పడం అంటే నా దృష్టిలో ఇదే. తర్వాత స్ట్రీట్ ఫైటర్ 5లో చార్లీ చావు నుంచి తిరిగొస్తాడు, అక్కడ నాష్ అని పిలుస్తారు, వాడికి చార్జ్ తీసేశారు. బూమ్ కూడా తిప్పి కొట్టేదే. అది నాకు నచ్చలేదు, బాగా ఆడతాడు కానీ పాత చార్లీలా అనిపించడు.

స్ట్రీట్ ఫైటర్ 3 సిరీస్‌లో గైల్ లేడు. 1999లో వచ్చిన థర్డ్ స్ట్రైక్‌లో రెమీ అనే ఫ్రెంచ్ కుర్రాడికి ఆ పద్ధతి ఇచ్చారు, పట్టుకుని వదిలే బూమ్ లాంటిది ఒకటి, పైకి లేచే కిక్ ఒకటి. ఎస్ఎన్‌కే అనే ఇంకో గేమ్ కంపెనీ వాళ్లు కూడా 92లోనే ఫేటల్ ఫ్యూరీ 2లో కిమ్ కాఫ్వాన్‌కి కింద పట్టి పైకి వదిలే కిక్ ఇచ్చారు. టెక్కెన్‌లో మార్షల్ లా పల్టీ కొట్టి తన్నుతాడు, దానికి చార్జ్ అక్కర్లేదు.

అన్నిటికంటే కష్టం 94లో వచ్చిన సూపర్ టర్బో అనే స్ట్రీట్ ఫైటర్ 2 ఎడిషన్‌లో గైల్ సూపర్, అంటే వాడి పెద్ద దెబ్బ. డౌన్-బ్యాక్ పట్టి, డౌన్-ఫార్వర్డ్, మళ్లీ డౌన్-బ్యాక్, అక్కడి నుంచి అప్-ఫార్వర్డ్, కిక్. ఫ్లాష్ కిక్ రెండుసార్లు పడుతుంది. చేతికి అది అందితే ఇప్పటి గేమ్‌లో ఏదీ కష్టం కాదు. తమ్ముడు స్ట్రీట్ ఫైటర్ 6తో మొదలుపెట్టాడు, మంచిదే, కానీ వీలైతే ఆ పాత గేమ్‌లో గైల్‌ని పట్టుకుని కొన్నాళ్లు ఆడితే ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో చేతికే తెలుస్తుంది.

కరీంనగర్_జూరీ

నేను గైల్ ఆడను, రోజూ గైల్‌లకి ఎదురుగా ఆడతాను, అటువైపు నుంచి ఒక మాట.

ఫ్లాష్ కిక్ రాలేదని అంత టెన్షన్ పడటం అనవసరం. కూర్చుని హెవీ పంచ్ ఉంది కదా, పైకి పిడికిలి ఎత్తి కొట్టేది. దానికి చార్జ్ అక్కర్లేదు. దూకినవాళ్లని దింపడానికి చాలాసార్లు అదే చాలు. మంచి గైల్‌లు నన్ను ఎక్కువగా దింపేది దాంతోనే, ఫ్లాష్ కిక్‌ని చార్జ్ నిండుగా ఉన్నప్పుడు, నేను దగ్గరగా దూకినప్పుడు మాత్రమే వాడతారు. ప్రతి జంప్‌కీ ఫ్లాష్ కిక్కే కొట్టాలని కూర్చునే గైల్‌ని నేను చాలా తేలిగ్గా పట్టేస్తా. నేల మీదే నడుచుకుంటూ వెళ్లి త్రో వేస్తా. వాడు పైకి చూస్తూ ఉంటాడు, నేను కింద నుంచి వస్తా.

ఇంకోటి. గైల్ లేచి నిలబడ్డాడంటే ఆ క్షణం వాడి దగ్గర ఫ్లాష్ కిక్ లేదని నాకు తెలుస్తుంది. నేను దూకేది అప్పుడే. కూర్చుని ఉంటే మాత్రం చార్జ్ నిండిందో లేదో నాకు తెలియదు, కాబట్టి దూకను. మీకు చార్జ్ లేకపోయినా కూర్చుని కనపడితే చాలు, సగం పని అయిపోతుంది. శీను గారు ఇది చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

దగ్గర నుంచి ఊరికే ఫ్లాష్ కిక్ కొట్టి అది బ్లాక్ అయ్యిందా, గైల్ గాల్లో నుంచి దిగేదాకా మేం తీరిగ్గా నిలబడి, మా పెద్ద కాంబో కొట్టేస్తాం. నేల మీద పడి లేస్తూ కొట్టే ఓడీ (ఓవర్‌డ్రైవ్) ఫ్లాష్ కిక్ కూడా అంతే. రెండు కిక్‌లు కలిపి కొట్టే ఆ వెర్షన్‌కి మొదట్లో ఏ దెబ్బా తగలదు, నిజమే, కానీ డ్రైవ్ అనే శక్తి మీటర్‌లోని ఆరు గడుల్లో రెండు పోతాయి. మేం బ్లాక్ చేసి కూర్చుంటే ఆ రెండూ పోయి ప్రాణం కూడా పోతుంది. డ్రైవ్ పూర్తిగా ఖాళీ అయ్యి బర్నౌట్‌లోకి వెళ్లిన గైల్‌ని మూలకి నెట్టడం కంటే తేలిక పని ఇంకోటి లేదు.

గుంటూరు_టైక్వాండో

గేమ్ నాకు కొంచెమే వచ్చు, కానీ ఈ కిక్ గురించి ఒకటి చెప్పాలనిపించింది. నేను టైక్వాండో చేస్తాను, దాంతో పాటు ట్రికింగ్ కూడా. అంటే పల్టీలు, కిక్‌లు కలిపి చేసే విన్యాసాలు. నిలబడిన చోట నుంచి వెనక్కి పల్టీ కొడుతూ ఒక కాలిని చాచి పైకి తన్నడం ట్రికింగ్‌లో ఉంది, దాన్ని కూడా ఫ్లాష్ కిక్ అనే అంటారు. మా క్లాస్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది అది నేర్పమని అడుగుతారు, గేమ్ పేరు చెప్పి మరీ.

నిజం శరీరంతో చేస్తే అది ఎవరినీ కొట్టే దెబ్బ కాదు. వెనక్కి పల్టీ కొట్టాలంటే ముందు మోకాళ్లు వంచి కూర్చోవాలి, చేతులు ఊపి పైకి తీసుకోవాలి, శరీరం నిటారుగా లేచాకే తిరగాలి. తన్నే కాలు చివర్లో వస్తుంది. అంతసేపు ఎదుటివాడు ఆగడు. పైగా కొందరు పిల్లలు పైకి ఎగరకుండానే వెనక్కి వాలిపోతారు, తల కింద పడుతుంది, అది చాలా ప్రమాదం. కాబట్టి ఎవరైనా గేమ్ చూసి ఇంట్లో మంచం మీద నుంచి ప్రయత్నించాలనుకుంటే దయచేసి వద్దు. మెత్తటి మ్యాట్, పక్కన నడుము పట్టుకునే మనిషి, ముందు మామూలు వెనక పల్టీ సరిగ్గా రావాలి, ఆ తర్వాతే కాలు.

కానీ ఒకటి గమనించండి, ఆ మోకాళ్లు వంచి కూర్చోవడం గేమ్‌లో కూడా ఉంది. కింద నొక్కి పట్టుకుని పైకి వదలడం అంటే చేతికి సరిగ్గా శరీరం చేసే పనే ఇచ్చారు. ముందు కుదించుకోవాలి, తర్వాత విడుదల చేయాలి. మిగతా దెబ్బలు చాలావరకు స్టిక్ తిప్పడమే, అది శరీరానికి సంబంధం లేని పని. ఈ ఒక్క కిక్‌కి మాత్రం బటన్ నొక్కే తీరు, మనిషి ఎగిరే తీరు ఒకటే. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ వాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

విజయనగరం_ప్యాడ్

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బావకి రెయిన్‌బో సంగతి చెప్పా, పేరు గుర్తులేదు గానీ ఆట మధ్యలో ఆటగాణ్ని మార్చేవాళ్లమని ఆయనే అన్నాడు, కాబట్టి అదే అయ్యుంటుంది.

అప్-బ్యాక్‌కి దొర్లించడం మొదలుపెట్టా, జంప్‌లు బాగా తగ్గాయి. ఇన్‌పుట్ డిస్‌ప్లే పెడితే తెలిసిందేంటంటే, నేను కిక్ ముందే కొడుతున్నా, పైకి ఆలస్యంగా వెళ్తోంది. బూమ్ వేశాక వెంటనే డౌన్-బ్యాక్‌కి రావడం ఇంకా అలవాటు కావాలి, ఫార్వర్డ్‌లో వేలు ఆగిపోతోంది.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, వాడు నా తల మీద నుంచి దూకి వెనకాల దిగితే చార్జ్ పోతుందా? అక్కడ ఫ్లాష్ కిక్ కొడితే వస్తోంది కానీ ఖాళీగా అటువైపు ఎగురుతోంది. రెండోది, గైల్ ఆడేవాళ్లు చాలామంది లెవర్‌లెస్ అని బటన్లు మాత్రమే ఉండే కంట్రోలర్ వాడుతున్నారు. డబ్బు పెట్టి కొనడం అవసరమా? నాకు ముప్పై దాటాయి, రిఫ్లెక్స్‌లు కుర్రాళ్లలా ఉండవు, కంట్రోలర్ మారిస్తే ఏమైనా కలిసొస్తుందా అని.

డౌన్‌బ్యాక్_శీను

తల మీద నుంచి దూకితే కింద పట్టిన చార్జ్ పోదు. వాడు అటువైపు వెళ్లగానే నీ డౌన్-బ్యాక్ కాస్తా డౌన్-ఫార్వర్డ్ అవుతుంది, రెండింటిలోనూ కింద అన్నది ఉంది కదా, ఫ్లాష్ కిక్‌కి కావాల్సింది అదే. పోయేది బూమ్ చార్జ్. నీకు కిక్ వచ్చి ఖాళీగా వెళ్తోందంటే నువ్వు కొట్టిన క్షణానికి గైల్ ఇంకా పాత వైపే చూస్తున్నాడని అర్థం. అక్కడ ఒక్క క్షణం ఆగి కొట్టడం కుదిరితే సరే, కుదరకపోతే బ్లాక్ చేయి, లేదా వాడి కింద నుంచి ముందుకు నడిచేయి. తల మీద దిగే జంప్‌లకి ఫ్లాష్ కిక్ నమ్ముకోకు, ముందు నుంచి వచ్చేవాటికే అది.

లెవర్‌లెస్ గురించి, గైల్‌కి బాగా కలిసొస్తుందన్నది నిజం. డౌన్, బ్యాక్ ఒక చేతి వేళ్ల మీద, అప్ బొటనవేలి కింద ఉంటుంది. వేలు ఒక చోట నుంచి ఇంకో చోటికి ప్రయాణం చేయక్కర్లేదు. స్ట్రీట్ ఫైటర్ 5 రోజుల్లో జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా గైల్‌తోనే ఆడుతూ ఇలాంటి బటన్ కంట్రోలర్‌కి మారినప్పుడు పెద్ద చర్చ జరిగింది, దీన్ని టోర్నమెంట్లలో అనుమతించాలా వద్దా అని. కొనే ముందు ఒకటి చూసుకో, డౌన్ వదలకుండా అప్ నొక్కితే ఆ కంట్రోలర్ ఏం చేస్తుందో. కొన్ని పైకి అని తీసుకుంటాయి, కొన్ని రెండూ రద్దు చేస్తాయి. రద్దు చేసేదైతే డౌన్ మీద నుంచి వేలు తీయడం కూడా ప్రాక్టీస్ చేయాలి. టోర్నమెంట్‌కి వెళ్తే వాళ్ల రూల్ వేరేగా ఉంటుంది, అది కూడా కనుక్కోవాలి. నీ ప్యాడ్‌లో డీ-ప్యాడ్ మూలలు సరిగ్గా పడుతుంటే మాత్రం ఇప్పుడే కొనొద్దు. ముందు బూమ్ వేసి వెనక్కి రావడం ఈ ప్యాడ్ మీదే నేర్చుకో.

వయసు సంగతి వదిలేయి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 మెడల్ ఈవెంట్‌గా పెట్టారు, మన దేశం నుంచి కూడా ఇద్దరు ఆడారు. స్వర్ణం గెలిచింది దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ, అప్పటికి ఆయన వయసు 44. పైగా గైల్‌కి రిఫ్లెక్స్ కంటే ముందే పట్టుకుని కూర్చునే బుద్ధి ముఖ్యం, అది వయసుతో తగ్గేది కాదు.

కరీంనగర్_జూరీ

ఒకటి కలుపుతా. ఫ్లాష్ కిక్ కోసం కూర్చున్నప్పుడు మేం వేసేది డ్రైవ్ ఇంపాక్ట్, అంటే డ్రైవ్ గడి ఖర్చు పెట్టి కొట్టే బరువైన దెబ్బ. రెండు దెబ్బలు తట్టుకుని వస్తుంది అది, నీ బూమ్ ఒకటి దాని మీద పడినా ఆగదు. ఫ్లాష్ కిక్‌తో దాన్ని ఆపాలని చూడకు, తన్నులు తింటావు. వాడి రంగు మెరవగానే నీ డ్రైవ్ ఇంపాక్ట్ తిరిగి కొట్టు, దానికి ఒక్క గడి చాలు. మూలలో ఉన్నప్పుడు మాత్రం కన్ను దాని మీదే ఉంచు, అక్కడ బ్లాక్ చేసినా గోడకి కొట్టుకుంటావు. డమ్మీ రికార్డింగ్‌లో జంప్‌ల మధ్య రెండు ఇంపాక్ట్‌లు కూడా పెట్టుకో, అప్పుడు మూడింటికీ ఒకేసారి కన్ను పడుతుంది.